పాత ఇంటి పన్ను రసీదులు పారేయకండి

"మా వార్డులోని శాఖా గ్రంథాలయాన్ని మూసేసి బస్టాండు దగ్గరున్న పెద్ద లైబ్రరీలో కలిపేస్తారట. నిధుల్లేవంటున్నారు. కాలనీవాళ్లం ఏమైనా చేయగలమా?" అని ఒకరు అడిగారు. నాలుగేళ్ల కిందట అచ్చం ఇదే మా నెత్తిన పడింది. మాది కోస్తాలో ఓ మోస్తరు మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను, ఆ ఆఫీసులతో ఇంకా పనులున్నాయి.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. పాతికమందిమి పోగై, "గ్రంథాలయం విజ్ఞాన భాండాగారం" అని బ్యానర్ రాయించి, ఎమ్మెల్యే ఇంటికెళ్లి వినతిపత్రం ఇచ్చాం. ఫొటో పేపర్లో పడింది, అంతే. పుస్తకాలు అక్కర్లేదని అక్కడెవరూ అనలేదు కదా, డబ్బుల్లేవన్నారు. అలాంటప్పుడు అడగాల్సింది డబ్బు సంగతే.

అది మాకు తట్టేలా చేసింది మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల మాష్టారు. ఇంటి పన్ను రసీదు తెచ్చి బల్ల మీద పరిచి, గ్రంథాలయ సెస్సు దగ్గర వేలు పెట్టి చూపించారు. ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్నా ఆ మాట నా కంట పడనేలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున అదనంగా మన దగ్గరే వసూలు చేస్తారు. పన్ను 1,500 అయితే సెస్సు 120. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి, ఈ శాఖా గ్రంథాలయాల్ని నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి, సొంతానికి వాడుకోవడానికి లేదు. కానీ చేతిలో ఉన్నది ముందు వాడేసి, సంస్థ బాకీ తర్వాత చూద్దాంలే అనుకోవడం చాలా ఊళ్లలో మామూలే. సంస్థకు సొమ్ము అందదు, అద్దె ఆగిపోతుంది, పేపర్ల బిల్లు ఆగిపోతుంది, ఓ రోజు తాళం పడుతుంది. మున్సిపాలిటీకెళ్తే "అది సంస్థ వ్యవహారమండీ" అంటారు. సంస్థకెళ్తే "వాళ్లు కడితే కదా" అంటారు. రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగాం.

అందుకే రెండు చోట్లా ఒకేరోజు సమాచార హక్కు దరఖాస్తు పడేయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేస్తే చాలు. గత మూడేళ్లలో ఏ ఏడు సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత, ఏ తేదీన జమచేశారు అని మున్సిపాలిటీని అడగండి. ఎంత అందింది, మా శాఖ అద్దె ఎన్ని నెలలు బాకీ అని సంస్థను అడగండి. "ఎందుకు మూస్తున్నారు" అని మాత్రం రాయొద్దు. రికార్డులో ఉన్నదే ఇస్తాం, కారణాలు చెప్పం అని తిప్పి పంపుతారు. గడువు 30 రోజులు. మాకు సంస్థ నుంచి వచ్చింది, మున్సిపాలిటీ నుంచి మొదటి అప్పీలు వేస్తే గానీ రాలేదు. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలు కలవలేదు. ఇక ఎక్కడికెళ్లినా ఆ రెండు కాగితాల జిరాక్సులే పట్టుకెళ్లాం.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాఠకులు రావట్లేదని కూడా మా ఫైల్లో రాశారు. రోజుకు పదకొండు మందట! పొద్దున పేపర్ల దగ్గరే అంతకు రెట్టింపు ఉంటారు. సాయంత్రం కానిస్టేబుల్ పరీక్షకీ గ్రూప్-2కీ చదివే పిల్లలతో బెంచీలు చాలవు. వెళ్లి చూస్తే గుమ్మం పక్కన సంతకాల రిజిస్టరు, దానికి పురికొసతో కట్టిన పెన్ను. పెన్నులో సిరా లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో మరి! జేబులో పెన్నున్నవాళ్లు సంతకం చేశారు, మిగతావాళ్లు లోపలికెళ్లిపోయారు. అర డజను పెన్నులు కొనిచ్చి, పొద్దునొకరు సాయంత్రమొకరు వంతులేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాం. నెల తిరిగేసరికి సగటు అరవై దాటింది.

ఆ రిజిస్టరు పేజీలు, ఆ రెండు జవాబులు, నలభై ఇళ్ల పన్ను రసీదులు కలిపి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చాం. అప్పట్లో మా జిల్లా సంస్థకు ఛైర్మన్ లేరు, జాయింట్ కలెక్టరే చూసేవారు. అది మాకు కలిసొచ్చింది. మా కౌన్సిలర్‌ని కూడా కలిశాం, అంటే ఆవిడ భర్తని (మా వార్డులో మాట్లాడేది ఆయనే, ఏం చేస్తాం). ఏప్రిల్‌కి ముందే బడ్జెట్ కౌన్సిల్‌కి వస్తుంది కాబట్టి సంక్రాంతి అవగానే మొదలుపెట్టండి. బడ్జెట్ పాసయ్యాక వెళ్తే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు.

ఈలోగా గ్రంథాలయం అద్దెకున్న ఇంటి ఓనర్ని మర్చిపోకండి. మా ఓనరు అప్పటికే ఆ గది సెల్‌ఫోన్ల షాపుకి మాటిచ్చేశాడు. కాలనీ పెద్దలు నలుగురు వెళ్లి బతిమాలితే మూడు నెలలాగాడు. ఆ మూడు నెలలు ఆగకపోతే మా కాగితాలన్నీ ఎందుకూ కొరగాకుండా పోయేవి.

మొత్తం బాకీ రాబట్టామని చెప్పను. ఒక విడత కట్టారు, అద్దె తీరింది, శాఖ అక్కడే ఉంది. తొమ్మిది పేపర్లు వచ్చేవి, ఇప్పుడు ఆరే వస్తున్నాయి. ఇంకో రెంటికి మేం చందాలేసుకుంటున్నాం. మిగతా బాకీ ఎంతో తేల్చమని మాష్టారు పోయిన నెల మళ్లీ దరఖాస్తు వేశారు. ముప్పై రోజులు ఇంకా కాలేదు.