పుస్తెలు తాకట్టు పెట్టేముందు ఒక్కమాట

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కావలి దగ్గర పల్లె. మా బాబుకి మూడేళ్లు నిండాయి. పుట్టగానే ఏడవలేదు, 12 రోజులు బాక్సులో పెట్టారు. మెడ ఈమధ్యే నిలబడింది, ఇంకా కూర్చోలేడు, డాక్టరుగారు సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మా ఆయన ఆటో తోలతాడు. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు, సిట్టింగుకి 400, చార్జీలు వేరే. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడంట, నగలు తాకట్టు పెట్టండి అని మా ఆడబిడ్డ గొడవ. గ్రహణం రోజు బయటికొచ్చావు కాబట్టే ఇలా పుట్టాడని మా అత్త. పేరంటాలకి, పెళ్లిళ్లకి పోవడం మానేశాను. గవర్నమెంటు నుంచి ఏమైనా సాయం ఉందా, మాలాంటి వాళ్లు ఎక్కడ కలుస్తారో చెప్పక్కా.
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ గ్రహణం మాట తీసేద్దాం. కాన్పప్పుడు బిడ్డ మెదడుకి ఆక్సిజన్ సరిగ్గా అందకపోయినా, నెలలు నిండకుండా పుట్టినా, పుట్టాక కామెర్లు బాగా ముదిరినా మెదడులో కొంత దెబ్బతిని సీపీ, అంటే మీ డాక్టరుగారు చెప్పిన సెరిబ్రల్ పాల్సీ, వస్తుంది. పుట్టగానే ఏడవలేదని నువ్వే రాశావు కదా, కారణం ఆ కాన్పు గదిలో వెతకాలి గానీ ఆకాశంలో కాదు. మా పాపకి ఇప్పుడు 19, తనకీ సీపీనే. నన్నూ అన్నారు ఇలాంటి మాటలే, మూడేళ్లు నిజమే అనుకుని ఏడ్చాను, నువ్వు మూడు రోజులు కూడా అనుకోవద్దు.

నగలు తియ్యకు. సీపీకి స్టెమ్ సెల్స్‌ని ఐసీఎంఆర్, అంటే కేంద్రం వైద్య పరిశోధన సంస్థ, ఆమోదించిన వైద్యంగా చెప్పలేదు, లక్షలు పోసి వచ్చి మళ్లీ అదే ఫిజియోథెరపీకి చేరిన ఇళ్లు నేను చూశాను. ఆడబిడ్డతో గొడవపడకు, "డాక్టరుగారిని రాసిమ్మని అడుగుదాం వదినా" అను చాలు.

ఇక డబ్బు. అన్నిటికీ మూలం సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది, అది లేకుండా ఏ ఆఫీసుకెళ్లినా వెనక్కే. బాబుకి ఆధార్ లేకపోతే ముందు అది తీయించు, అయిదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు అడగరు. తర్వాత సచివాలయంలోగానీ మీ సేవలోగానీ సదరం స్లాట్ బుక్ చేయించు, దాంతోపాటే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు గురించి కూడా అడుగు, అది దేశమంతా చెల్లుతుంది. 40 శాతం ఆపైన రాస్తేనే పథకాలు. చిన్నపిల్లలకి ఎక్కువగా టెంపరరీ అని రాస్తారు, గడువు తేదీ చూసుకుని దానికి మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ కోసం తిరుగు, లేకపోతే మధ్యలో అన్నీ ఆగిపోతాయి. పర్సెంటేజీ పెంచి ఇప్పిస్తానని ఎవరైనా బయట పట్టుకుంటే వాళ్లకి రూపాయి ఇవ్వొద్దు.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకి 6,000, పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైన వాళ్లకి 15,000. వయసు అడ్డం కాదు, మూడేళ్ల పిల్లాడైనా అర్హుడే. కారు ఉంటే ఇవ్వరు గానీ ఆటోకి, ట్యాక్సీకి, ట్రాక్టర్‌కి మినహాయింపు ఉంది, మీ ఆయన ఆటో గురించి ఎవరైనా అభ్యంతరం పెడితే ఆ మాట గట్టిగా చెప్పు. కొత్త పింఛను అర్జీలు ఎప్పుడు తీసుకుంటున్నారో సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడుగుతూనే ఉండు, వాళ్లు విసుక్కున్నా సరే. నీ లెక్కేసి చూడు, వారానికి 1,200 అంటే నెలకి అయిదు వేలు, ఆ పింఛను ఒక్కటి వస్తే థెరపీ ఖర్చు తీరిపోతుంది. తెలంగాణ పాఠకులకి, అక్కడ ఇదే పింఛను 4,016.

రెండోది నిరామయ. దీని గురించి ఎవరూ చెప్పరు, నాకు తెలిసేసరికి మా పాపకి తొమ్మిదేళ్లు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కేంద్రం నేషనల్ ట్రస్ట్ వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఇది, ఆటిజం, సీపీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకి. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవర్, చేరేముందు టెస్టులేవీ అడగరు, తెల్లకార్డు వాళ్లు 250 కడితే చాలు, మిగతావాళ్లకి 500. థెరపీకి కూడా కొంత పరిమితి వరకు డబ్బులు తిరిగొస్తాయి, కానీ ముందు మనం కట్టి బిల్లులు పంపాలి. నేషనల్ ట్రస్ట్‌లో రిజిస్టర్ అయిన సంస్థ ద్వారా చేరాలి, నెల్లూరులో సీఆర్‌సీ ఉంది కదా, దివ్యాంగుల కోసం కేంద్రం పెట్టిన సెంటర్, అక్కడ అడిగితే దారి చూపిస్తారు. మీ ఫిజియో చిత్తుకాగితం మీద 400 అని రాసిస్తుంటే ఈరోజు నుంచే మాన్పించు, పేరు, తేదీ, ముద్ర ఉన్న బిల్లు కావాలను. ఒకసారి నేను ముద్రలేని బిల్లులు ఒక కట్ట పంపితే అన్నీ వెనక్కొచ్చాయి.

(ఉద్యోగాలు చేసే అమ్మానాన్నలకి ఒక మాట, పాత ట్యాక్స్ విధానంలో ఉంటే దివ్యాంగ బిడ్డ పోషణ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలో తగ్గించుకోవచ్చు.)

అసలు వారానికి మూడుసార్లూ డబ్బులు పెట్టి థెరపీకి పోవాలా అంటే అక్కర్లేదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే టీం, అంటే పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం, వస్తుంది, పిల్లల్ని చూసి డీఈఐసీకి రాసిస్తారు, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. ఫిజియో, స్పీచ్, పిల్లల డాక్టరు అన్నీ ఫ్రీ. నెల్లూరు సీఆర్‌సీలో కూడా థెరపీ ఉంటుంది. దూరమంటావు, 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, వారానికి ఒక్కరోజు వెళ్లి అక్కడ నేర్చుకుని మిగతా రోజులు ఇంట్లో నువ్వే చేయించొచ్చు.

మాలాంటి వాళ్లు ఎక్కడ అన్నావు కదా, అక్కడే, ఆ థెరపీ రూము బయట బల్ల మీద. మా పాపకి నాలుగేళ్లప్పుడు ఏది పెట్టినా సగం బయటికొచ్చేది, ఒక పూట తిండికి గంటన్నర. ఆ బల్ల మీద ఒకామె, పేరు కూడా తెలియదు అప్పటికి, నా చేతిలో గిన్నె తీసుకుని పాపని నిటారుగా కూర్చోబెట్టి, బొటనవేలు బుగ్గ పక్కన, చూపుడువేలు కింది పెదవి కింద, మధ్యవేలు గడ్డం అడుగున ఆనించి దవడ మెల్లిగా మూయించింది. పెరుగన్నం లోపలికి పోయింది. నేను అక్కడే ఏడ్చేశాను. ఆమె ఏమీ అనలేదు, ఇంకో ముద్ద పెట్టింది. మేమిద్దరం ఇప్పటికీ వారానికోసారి మాట్లాడుకుంటాం, నిరామయ గురించి చెప్పింది కూడా ఆమే. నువ్వు వెళ్లిన మొదటిరోజే పక్కనున్న అమ్మ ఫోన్ నంబరు తీసుకో, నలుగురయ్యాక వాట్సాప్ గ్రూపు దానంతటదే అవుతుంది. ఆ దవడ పట్టుకునే పద్ధతి మాత్రం థెరపిస్టు ముందు ఒకసారి చేసి చూపించుకో.

కూర్చోబెట్టే కుర్చీకి వేలకి వేలు ఖర్చు పెట్టకు. కేంద్రం అడిప్ పథకంలో అలింకో అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు క్యాంపులు పెట్టి సీపీ చెయిర్లు ఇస్తారు, అది వచ్చేలోపు థెరపిస్టుని కొలతలు అడిగి మీ ఊరి వడ్రంగితో మూల కుర్చీ, అంటే గది మూలలాగా వీపుకి రెండుపక్కలా చెక్క ఉండేది, చేయించుకోవచ్చు, మాది పాత తలుపు చెక్కతో చేసిందే.

అంగన్‌వాడీకి మాత్రం రేపటి నుంచే తీసుకెళ్లు. దివ్యాంగ పిల్లల కోసం 2023లో కేంద్రం ప్రత్యేకంగా ప్రోటోకాల్ తెచ్చింది, మీవాణ్ణి "చేర్చుకోం" అని టీచరు అనడానికి లేదు. దివ్యాంగ పిల్లల చదువు కోసం మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, బడి సంగతి ఆరేళ్లు వచ్చాక మళ్లీ రాయి, మాట్లాడుకుందాం.

సదరం రోజు క్యూ పెద్దది ఉంటుంది, బాబుకి మెత్తటి అన్నం, రెండు జతల బట్టలు, కింద పరచడానికి దుప్పటి పట్టుకెళ్లు, మీ ఆయన్ని ఆరోజు ఆటో ఆపి రమ్మను, ఒక్కదానివే పోవద్దు. బాబు పుట్టినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ దగ్గరుంటే తీసుకెళ్లు, లేకపోతే ఈ వారంలోనే ఆ ఆసుపత్రికి కాగితం మీద రాసిచ్చి కాపీ అడుగు.