డాలరు నోటు మీద దేవుడి పేరు ఉంది కదా, అమెరికా క్రైస్తవ దేశమా?

కాదు, అమెరికాకు అధికార మతం లేదు. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదని 1791 నాటి మొదటి రాజ్యాంగ సవరణ చెబుతుంది. పదవులకు మతపరీక్ష పెట్టకూడదని అసలు రాజ్యాంగంలోనే ఉంది.

మరి నోటు మీద ‘మేం దేవుణ్ణి నమ్ముతాం’ అన్న మాట? అది అంతర్యుద్ధ కాలంలో, 1864లో, రెండు సెంట్ల నాణెం మీద మొదట కనిపించింది. కాగితపు నోటుకు ఎక్కింది 1957లోనే. నాస్తిక సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. 1954లో బడిపిల్లలు చెప్పే జెండా ప్రతిజ్ఞలోనూ దేవుణ్ణి చేర్చారు.

దేవుడి పేరున్న ఈ మాటలన్నీ దేశ స్థాపకులే రాసిపెట్టారనుకోవడం పొరపాటు. అమెరికా క్రైస్తవ దేశమేనని వాదించే నేటి క్రైస్తవ జాతీయవాద రాజకీయాలకు ఈ పొరపాటు బాగా పనికొస్తోంది. భక్తిగల క్రైస్తవులందరూ ఆ జాతీయవాదులే అనుకోవడం ఇంకో పొరపాటు: చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలని పద్దెనిమిదో శతాబ్దంలో గట్టిగా పోరాడినవారిలో వర్జీనియాలోని బాప్టిస్టు శాఖ క్రైస్తవులూ ఉన్నారు.