రవాణాయా, ప్రవాహమా?

సందేహం: అమెరికా రవాణా శాఖవారి ‘ఆర్క్-ఐటీ’ని బ్రౌజర్‌లో ఎలా చూడాలో చెప్పే చిన్న పుస్తకం తెలుగులో తయారుచేస్తున్నాం. కంప్యూటర్ల సాయంతో నడిచే ‘ఇంటెలిజెంట్’ రవాణా వ్యవస్థలకు అది నమూనా ఆర్కిటెక్చర్, అంటే ఏ భాగం దేనితో ఎలా కలవాలో చూపే చట్రం. అందులోని పటాల్లో గడికీ గడికీ మధ్య బాణాలుంటాయి. వాటిని ఇన్ఫర్మేషన్ ఫ్లో అంటారు. నేను ‘సమాచార ప్రవాహం’ అని రాస్తే సంపాదకులు ‘సమాచార రవాణా’ అని దిద్దారు. ఏది సరి? ఆర్కిటెక్చర్‌ను ‘వాస్తు’ అనవచ్చా? – ఒక అనువాదకురాలు

సమాధానం: అమ్మా, మీరిద్దరూ ఒకే ఏటి నీళ్లు చెరో చెంబుతో ముంచుకుని తగువులాడుకుంటున్నారు.

పారసీలో ‘రఫ్తన్’ అంటే పోవడం. దాని వర్తమానరూపం ‘రవ్’. దానిమీద పుట్టిన ‘రవాన్’ అంటే సాగుతున్నది, పారుతున్నది. ‘ఆబె రవాన్’ అంటే పారే నీరు. అంత పలచగా ఉంటుందనే ఢాకా మస్లిన్‌లో ఒక రకానికి ఆబ్రవాన్ అని పేరు. ఆ రవాన్ నుంచే ‘రవానా’ వచ్చింది: బయలుదేరినది, పంపినది అని అర్థం. హిందీవాళ్లు రవానా అనీ కన్నడిగులు రవానె అనీ నకారాన్ని నిలుపుకున్నారు. మనం మాత్రం దివాన్‌ను దివాణం చేసినట్టే దీన్నీ రవాణా చేసుకున్నాం. మరి ఖజానాను ఖజాణా ఎందుకు చెయ్యలేదని అడక్కండి. నోటికి నచ్చలేదు, అంతే.

అసలు ముచ్చట ఇంకొకటుంది. కుంఫిణీ రోజుల్లో బంగాళపు సుంకం చౌకీల దగ్గర ‘రవన్నా’ అంటే బండీ కాదు, సరుకూ కాదు. ఈ సరుకును పోనివ్వవచ్చునని రాసిచ్చిన చీటీ. బండి వెనక నిలబడి ఉంటే, ముందు చీటీ చేతులు మారేది. ఇప్పుడు మనం రవాణా అనగానే లారీ కళ్ల ముందుకొస్తుంది గానీ, ఒకప్పుడు ఆ మాటకు కాగితం అనే అర్థమూ ఉండేది.

మీ బాణాలు మోసేదీ ఆ కాగితాన్నే. ఆర్క్-ఐటీలో ఒక్కో సేవకు ఒక్కో కట్టగా ఉండే సర్వీస్ ప్యాకేజీల జాబితా తెరిచి, పబ్లిక్ ట్రాన్స్‌పోర్టేషన్ కింద పీటీ09 నొక్కండి. బస్సు కూడలికి వచ్చేసరికి పచ్చదీపాన్ని కాస్త పొడిగించడమో, కాస్త ముందుగా వెలిగించడమో దాని పని. భౌతిక పటంలో బస్సుల నిర్వహణ కేంద్రం నుంచి ట్రాఫిక్ నిర్వహణ కేంద్రానికి పోయే బాణం మీద ‘ట్రాఫిక్ కంట్రోల్ ప్రయారిటీ రిక్వెస్ట్’ అని ఉంటుంది. దాని వెంట బస్సు పోదు, ‘మా బండికి దారిస్తారా’ అన్న విన్నపం పోతుంది. జవాబు తిరిగొచ్చే బాణం వేరు, దాని పేరు వేరు. ఆ పేరు మీద నొక్కితే నిర్వచనమూ, అది ఏ గడి నుంచి ఏ గడికి పోతుందో ఆ వివరమూ వస్తాయి. పంపే గడి, బాణం, అందుకునే గడి – ఈ మూడూ కలిస్తే వాళ్ల లెక్కలో ఒక ‘ట్రిపుల్’. ఏ ప్రమాణాల మీద ఆ సమాచారం నడవాలో చెప్పేది ఆ మూడింటి జట్టుకే, ఒంటి బాణానికి కాదు. కనుక బాణం పేరొక్కటే తెనిగించి చివరల్ని గాలికొదిలితే చదివేవాడికి దారి తప్పుతుంది. ఒకే బాణం పేరు చాలా ప్యాకేజీల్లో కనిపిస్తుంది కూడా. మూడో పేజీలో ప్రవాహమనీ ఇరవయ్యో పేజీలో రవాణా అనీ రాశారో, రెండు వేర్వేరు సంగతులనుకుంటారు. పీటీ09 లాంటి గుర్తుల్ని ఉన్నవున్నట్టే ఉంచండి. ఇంకొక జాగ్రత్త: గడి అంటే ఒక పాత్ర, యంత్రం కాదు. ‘ట్రాఫిక్ నిర్వహణ కేంద్రం’ గడి ఒకటే కనిపించినా, ఊళ్లో అలాంటివి రెండు మూడు ఉండవచ్చు.

ఇక తీర్పు. సమాచార రవాణా వ్యుత్పత్తి ప్రకారం తప్పు కాదు. సంస్కృతానికి పారసీ అతికిందని ముక్కు విరిచేవాళ్లకు ‘రవాణా వ్యవస్థ’ను చూపించండి. అయితే పుస్తకమంతా రవాణా గురించే అయినప్పుడు బాణానికీ అదే మాట వాడితే గందరగోళం తప్పదు. ఈ ఒక్కచోట మీ ప్రవాహానికే ఓటు. నా మనసు మాత్రం ‘వర్తమానం’ మీద ఉంది. వర్తమానం పంపడం అంటే కబురు పంపడమని మన పెద్దలకు తెలుసు. ఈ కాలంవాళ్లకు అది వ్యాకరణంలోని కాలమొక్కటే అయిపోయింది. అందుకే పట్టుబట్టను.

ఇంటెలిజెంట్ రవాణాను ‘మేధో రవాణా’ అనడం మాత్రం వద్దు. మేధాశక్తిలో చెక్కుచెదరని ‘ఆ’కారం ఇక్కడికొచ్చేసరికి ‘ఓ’కారం ఎందుకవుతుందో అది రాసేవాళ్లే చెప్పాలి.

వాస్తు ‘వస్’ ధాతువు నుంచి వచ్చింది. నివసించే చోటు అది. ఈ పటంలో ఎవరూ కాపురముండరు. పైగా మన పాఠకుడు వెంటనే ఈశాన్యం ఎటో వెతుకుతాడు. ‘అమరిక’ అంటే పని జరుగుతుంది. ‘పొందిక’ ఇంకా అందంగా ఉంటుంది గానీ అందులో మెచ్చుకోలు కలిసివుంది, కుదరని వ్యవస్థనూ పొందిక అనాల్సివస్తుంది. ఇంజనీర్లే చదివే పుస్తకమైతే ఆర్కిటెక్చర్ అనే ఉంచినా నేను కోప్పడను.