మందు చూస్తే చాలు, మూతి బిగించేస్తున్నాడు!

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. గొంతు ఇన్‌ఫెక్షన్‌కి డాక్టర్ యాంటీబయాటిక్ సిరప్ రాశారు. బాగా చేదు. ఒకరం చేతులు పట్టుకుని, ఇంకొకరం ముక్కు మూసి పోయాల్సి వస్తోంది. సగం ఉమ్మేస్తాడు, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు. పాలలో కలిపితే పాలు కూడా మానేశాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ముక్కు మూయడం ఆపేయండమ్మా. ఏడుస్తున్న పిల్లాడి నోట్లో మందు పోస్తే పొలమారి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మీవాడిది మొండితనం కాదు. పెద్దల కంటే పిల్లలకు చేదు ఎక్కువగా తెలుస్తుంది. క్లారిత్రోమైసిన్, ప్రెడ్నిసొలోన్ లాంటి మందుల చేదు మామూలుది కాదు. కంపెనీలు పండ్ల రుచి కలుపుతాయి కానీ, ఆ తీపి ముందుగా పోతుంది, చేదు నాలుక మీద మిగిలిపోతుంది.

చెంచా పక్కన పెట్టి, సూది లేని ఓరల్ సిరంజి తెచ్చుకోండి. డోసు కూడా కచ్చితంగా ఉంటుంది. ఇంట్లో చెంచాలన్నీ ఒకే సైజులో ఉండవు కదా! బాబును నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి మొనను పెదవి మూల నుంచి బుగ్గకూ చిగుళ్లకూ మధ్యకు పోనివ్వండి. అర మి.లీ. నుంచి ఒక మి.లీ. దాకా మెల్లగా వదిలి, మింగాకే మళ్లీ కొంచెం. గొంతులోకి నేరుగా చిమ్మితే వెంటనే డోకు వస్తుంది. మూడేళ్లవాడు కాబట్టి, మీరు సిరంజి పట్టుకుని వెనక భాగాన్ని వాడినే నొక్కమనండి. తన చేతిలో పని అనుకుంటే చాలామంది పిల్లలు పేచీ తగ్గిస్తారు.

మందుకు ముందు రెండు గుక్కలు చల్లటి నీళ్లు తాగిస్తే నాలుకకు రుచి కాస్త తక్కువ తెలుస్తుంది. తాగిన వెంటనే వాడికి ఇష్టమైన తీపి ఏదైనా ఇవ్వండి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె వద్దే వద్దు. మందునే మిఠాయి అని చెప్పి తాగించకండి. రేపు ఎవరూ చూడనప్పుడు సీసా ఎత్తి తాగేస్తాడు.

గ్లాసెడు పాలలో కలపడం వల్ల రెండు నష్టాలు: సగం వదిలేస్తే సగం డోసే లోపలికి వెళ్తుంది, పైగా మీరు చూసినట్టే, పాల మీద కూడా విరక్తి పుడుతుంది. కలపాలంటే ఒక్క చెంచాడులోనే కలిపి వెంటనే తినిపించాలి. అదీ మెడికల్ షాపులో ఫార్మసిస్టును అడిగాకే. క్లారిత్రోమైసిన్‌ను పుల్లటి జ్యూస్‌లో కలిపితే చేదు ఇంకా పెరుగుతుంది. ఐరన్ మందు పాలతో ఇస్తే సరిగా ఒంటపట్టదు.

మందు తాగిన కాసేపటికే వాంతి అయితే మీ అంతట మీరు మళ్లీ పోయకండి. ఎన్ని నిమిషాలకు అయిందో చెప్పి డాక్టర్‌ను అడగండి. మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది మందును బట్టి ఉంటుంది.

ఇవన్నీ చేసినా ఒకటి రెండు రోజుల్లో దారికి రాకపోతే మొహమాటపడకుండా మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. రుచి బాగుండే వేరే మందో, రోజుకు తక్కువసార్లు ఇచ్చేదో, నీళ్లలో కరిగే మాత్రో చాలాసార్లు దొరుకుతుంది. తాగడం లేదని మీరే కోర్సు మధ్యలో మానేస్తే మాత్రం డాక్టర్‌కు తెలిసే దారి ఉండదు. ఒకవేళ బాబు మంచినీళ్లు కూడా మింగలేక చొంగ కారుస్తున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా మందు సంగతి వదిలేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.