డయాలసిస్ ఉచితమే, మరి అప్పెందుకు తీరట్లేదు?

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి మండలం. మా ఆయనకు 44 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రిలో ఉచితమే, నెలకు 10,000 పింఛనూ వస్తోంది. నేను జీడిపప్పు బట్టీకి వెళ్తే రోజుకు 350. అయినా 1.8 లక్షల అప్పు మిగిలింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. పాప పెళ్లికని దాచిన నాలుగు తులాల బంగారం ఉంది, దాన్ని ముట్టుకోం. 80 సెంట్ల జీడితోట అమ్మేయమంటారా?

జవాబు: తోట అమ్మకండమ్మా. మీ వడ్డీయే నెలకు 5,400. ఆయనకు తోడు వెళ్లి మీరు పోగొట్టుకునే 12 రోజుల కూలి 4,200. రెండూ కలిపితే 9,600, అంటే పింఛను వచ్చినట్టే వచ్చి పోతోంది. ఆటో, మందులు ఇంకా ఇందులో లేవు.

పాప బంగారం ముట్టుకోం అన్నారు. ఆ మాట అర్థమైంది, కానీ బీరువాలో బంగారం పెట్టుకుని మూడు రూపాయల వడ్డీ కడితే పాపకు ఒరిగేదేం లేదు. బ్యాంకులో తాకట్టు పెట్టి పాత అప్పు మొత్తం ఒకేసారి తీర్చండి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. వడ్డీ రూపాయి దగ్గర పడినా నెలకు 3,600 మిగులుతుంది. దాన్ని ఇంటి ఖర్చులో కలపకుండా గోల్డ్ లోనుకే కట్టండి. గడువు దాటనిస్తే వేలం వేస్తారు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

ఇక తోడు సంగతి. మీ ఊళ్లో డయాలసిస్‌కి వెళ్లేది మీ ఆయన ఒక్కరే అయి ఉండరు. మరో ఇద్దరితో మాట్లాడుకుని, ముగ్గురికీ ఒకే షిఫ్టు ఇవ్వమని ఆస్పత్రిలో అడిగి చూడండి. ఒకే ఆటో, ఇంటికొకరు వంతులవారీగా తోడు. మీకు నెలకు ఎనిమిది కూలి రోజులు తిరిగొస్తాయి. నా లెక్కలో ఇది ఏ స్కీముకన్నా ఎక్కువ.

డబ్బు మరీ అవసరమైతే ఈ ఏడాది జీడి కాపు గుత్తకు ఇవ్వండి, నేల మీ పేరునే ఉంటుంది. రేపు కిడ్నీ మార్పిడి మాట వస్తే పనికొచ్చేది అదొక్కటే.

ఆయన పేరున ఇప్పుడు ప్రైవేటు ఇన్సూరెన్స్ కోసం తిరగొద్దు, ఇవ్వరు. ఇల్లు నడిపేది మీరు కాబట్టి బీమా మీకు కావాలి. 50 ఏళ్ల లోపైతే బ్యాంకులో జీవన్ జ్యోతి (ప్రాణానికి బీమా) ఏడాదికి 436, సురక్ష (ప్రమాద బీమా) 20. ఏటా మే నెలాఖరున ఖాతాలో ఆ 456 ఉండేలా చూసుకోండి.