నీ లెక్క ప్రకారమే ఇద్దరూ వెళ్లండి

చిన్నీ,

మొదటి పెళ్లిరోజుకి ఇద్దరం కలిసి రక్తం ఇద్దామనుకుంటున్నాం పెద్దమ్మా అని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు నిండిపోయింది. మీ పెదనాన్న, నేను ఇరవై ఏళ్లకు పైగా కలిసే ఇచ్చాం. 65 దాటాయి కాబట్టి ఇప్పుడు మమ్మల్ని తీసుకోరు. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

ముందు నీ హిమోగ్లోబిన్ చూసుకో. 12.5 ఉంటేనే తీసుకుంటారు. మగవాళ్లకి దీంతో పెద్దగా ఇబ్బంది ఉండదు, మన ఆడవాళ్లకే తరచూ తక్కువ వస్తుంది. మొదటిసారి బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక రక్తదాన క్యాంపుకి వెళ్లినప్పుడు నా వేలికి సూది గుచ్చి, ఒక చుక్క తీసి గాజుపాత్రలోని నీలం నీళ్లలో వేశారు. అది మైలుతుత్తం కలిపిన నీరు. రక్తం సరిగ్గా ఉంటే చుక్క నేరుగా అడుక్కి పోతుంది. నాది సగం దాకా దిగి, అక్కడే కాసేపు ఆగి, పైకి తేలింది. ‘ఈసారికి వద్దమ్మా’ అన్నారు. మీ పెదనాన్న మంచం మీద పడుకుని రబ్బరు బంతి పిసుకుతుంటే నేను పక్క కుర్చీలో కళ్లనీళ్లు పెట్టుకున్నా.

నీకూ అలా జరిగితే ఏడవకు. అల్లుడుగారిని మాత్రం ఆపకు, ఆయన ఇచ్చే వస్తారు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు నీకుంది కదా, అది మానెయ్. తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుని తిను, డాక్టర్ రాసిస్తే మాత్రలు వేసుకో. నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత నా చుక్క మునిగింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మగవాళ్లు 90 రోజులకోసారి ఇవ్వొచ్చు, మనం 120 రోజులకోసారి. మీరిద్దరూ నీ లెక్కే పట్టుకోండి. ఏడాదికి ఆయన ఒకసారి తక్కువ ఇచ్చినట్టవుతుందని అనిపించొచ్చు. కానీ మీ పెదనాన్న ఒక్కరే వెళ్లిన రోజుల్లో ఆఫీసు పని, ఊరి ప్రయాణం అంటూ ఏళ్లకేళ్లు దాటేశారు. ఇద్దరం కలిసి మొదలుపెట్టాక ఒకరు బద్ధకిస్తే ఇంకొకరు లేపారు. నెలసరి రోజులైతే ఆ తేదీ వదిలేసి తర్వాతి వారం వెళ్లండి. గర్భం వస్తే నువ్వు ఆగు, కాన్పయ్యాక ఏడాది దాకా తీసుకోరు.

కాన్పు అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1986లో నా కాన్పులో రక్తం చాలా పోయింది. నాదీ మీ పెదనాన్నదీ ఒకటే గ్రూపు. ‘నాది తీసుకోండి’ అని ఆయన చొక్కా చెయ్యి మడిచి నిలబడితే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. గ్రూపు కలిసినా భర్త ఎర్రకణాల మీద భార్య ఒంటికి కొత్తగా తోచే గుర్తులు ఇంకా కొన్ని ఉంటాయి. వాటికి విరుద్ధంగా ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, తర్వాతి కాన్పులో తండ్రి పోలిక వచ్చిన బిడ్డకు ముప్పు. అందుకే పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించరు. ఆ రోజు నన్ను బతికించింది ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి రక్తం. నా భర్త నాకు ఇవ్వలేనిది ఇంకొకరి భర్తో, ఇంకొకరి భార్యో ఇచ్చారు. మేమిద్దరం మొదలుపెట్టింది అందుకే.

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెబుతున్నా. అక్కడ ఇచ్చే ఫారం ఎవరిది వాళ్లే, విడిగా కూర్చుని నింపండి. వాడే మందులు, పాత జబ్బులు, పచ్చబొట్లు, శారీరక సంబంధాలు, అన్నీ అడుగుతారు. మొగుడు పక్కనుంటే, పెళ్లాం పక్కనుంటే నిజం రాయడానికి జంకుతారు. ఆ అబద్ధం రోగి మీదికి పోతుంది. ఇచ్చిన రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. తర్వాత ఇద్దరిలో ఒకరికే ఫోన్ వచ్చినా కంగారుపడి అనుమానాలు పెంచుకోవద్దు. మొదటి పరీక్ష తప్పు చూపించే సందర్భాలూ ఉంటాయి. ఖాయం చేసే పరీక్ష అయ్యేదాకా ఆగండి.

మీ పెళ్లిరోజు మే నెలలో రావడం మంచిదైంది. కాలేజీలకు సెలవులు కాబట్టి క్యాంపులు తగ్గి రక్తం దొరకడం కష్టమవుతుంది. ఇక్కడి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి మన అనంతపురం, హిందూపురం నుంచి కూడా ఎంతమంది వస్తారో నీకు తెలుసుగా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఇస్తూ ఉండాల్సిందే.

తిప్పసంద్రలోని రోటరీ టీటీకే బ్లడ్ సెంటర్‌కి వెళ్లండి. బండి మీద వద్దు. ఇద్దరూ ఇచ్చాక దాన్ని ఎవరు నడుపుతారు? మెట్రోలో ఇందిరానగర్‌లో దిగి ఆటో ఎక్కండి. ఇద్దరూ ఒకేసారి పడుకోకండి, ముందు నువ్వు ఇవ్వు, ఆయన పక్కన కూర్చుంటారు. నువ్వు జ్యూస్ తాగి పావుగంట కూర్చున్నాక ఆయన పడుకుంటారు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లొద్దు, ఇడ్లీ తిని, నీళ్లు బాగా తాగి బయల్దేరండి.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి రండి. రాగి సంగటి, గోంగూర పప్పు చేసి పెడతాను. టీ మాత్రం సాయంత్రమే ఇస్తా.

మీ పెద్దమ్మ