అబైడోస్ లిస్టులో టుటన్‌ఖామున్ పేరు ఎందుకు కనపడట్లేదంటే

అబైడోస్ రాజుల లిస్టు ఫొటో పెట్టి, ఇందులో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పేరు లేదేంటి, ముక్క కట్ అయిందా అని అడిగారు కదా, మీ ఫొటోలో తప్పేం లేదండి, ముక్క కట్ అవ్వలేదు కూడా, ఈజిప్టులోని అబైడోస్‌లో మొదటి సేతి అనే రాజు గుడి గోడ మీదున్న పాత రాజుల లిస్టులో 76 పేర్లుంటాయి, అందులో టుటన్‌ఖామున్ ఎంత వెతికినా దొరకడు, కావాలనే వదిలేశారు. మూడో అమెన్‌హోటెప్ (అక్కడ నెబ్‌మాత్‌రె అని పట్టాభిషేకం పేరే ఉంటుంది) తర్వాత డైరెక్టుగా హోరెమ్‌హెబ్‌కి జంప్ చేశారు చూడండి. మధ్యలో ఏలిన అఖెనాటెన్ (పాత దేవుళ్ళని పక్కన పెట్టిన రాజు), టుటన్‌ఖామున్, ఆయ్ అందరూ ఎగిరిపోయారు. రాజుగా ఏలిన రాణి హాట్షెప్సుట్ కూడా ఉండదు, ఆమెది వేరే గొడవ.

అసలు అది చరిత్ర కోసం చెక్కింది కాదు, పూజ కోసం. ఆ గోడ మీద బొమ్మలో కొడుకు రామ్సెస్ పేపిరస్ (అప్పటి రాత కాగితం) చుట్ట పట్టుకుని చదువుతుంటే సేతి పూర్వీకులకి ధూపం వేస్తుంటాడు, పేరుంటేనే ఆ రాజుకి నైవేద్యంలో వాటా, మనం తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్తాం కదా కాస్త అలాగ. పేరు చెరిగిపోతే పరలోకంలో కూడా మనిషికి దిక్కుండదని వాళ్ళ నమ్మకం.

అఖెనాటెన్ మాత్రం తక్కువ తిన్నాడా, అప్పటి పెద్ద దేవుడు ఆమున్ పేరు కనపడిన చోటల్లా చెరిపించి పారేశాడు, సొంత నాన్న అమెన్‌హోటెప్ పేరులో ఉన్నదాన్ని కూడా వదల్లేదు! తర్వాతోళ్ళు ఇతని గుళ్ళు పీకి ఆ రాళ్ళని కర్నాక్ (ఆమున్ పెద్ద గుడి) గోపురాల లోపల నింపేశారు, తమాషా ఏంటంటే అలా లోపల పడుండబట్టే అఖెనాటెన్ చెక్కించిన బొమ్మలు వేల రాళ్ళ మీద మిగిలాయి.

ప్రాజెక్టుకి టుటన్‌ఖామున్ ఎన్నేళ్ళు ఏలాడో కావాలంటే ఈ లిస్టు వదిలేయండి, 1922లో బయటపడిన సమాధిలోని వైన్ జాడీల మీద పాలనా సంవత్సరాలు రాసున్నాయి, అవి చూడండి.